రెండు తూముల దగ్గర ఎక్కింది

చాంద్ బాషా బస్సు దిగడం చూస్తే ఎవరో దొర పల్లకీ దిగుతున్నట్టు ఉండేది. ఇంజను ఆపిన వెంటనే దిగడు. టవలుతో మొహం తుడుచుకుంటాడు. బస్టాండంతా ఒకసారి కలయజూస్తాడు. తన వైపు తలుపు తీసి, కమ్మీ పట్టుకుని, కుడికాలు మెట్టు మీద మోపి, ఏదో మర్చిపోయినవాడిలా అక్కడే కాసేపు నిలబడతాడు. ఆ తర్వాత ఎడమకాలు వస్తుంది, అదీ బతిమాలించుకుని. నాయుడుపేట బస్టాండులో ఉడికించిన వేరుశనక్కాయలు అమ్మే ఆడవాళ్ళు "దొర దిగినాడే" అని నవ్వుకునేవారు.

నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. నా కంటికి మాత్రం అది దొర దిగినట్టు కనబడేది కాదు. పొద్దంతా దున్ని వచ్చిన ఎద్దు, కాలు మోపడానికి ఆలోచిస్తుందే, అట్లా కనబడేది. కానీ మనిషితో ఆ మాట అనలేం కదా. ఎద్దయితే గిట్ట ఎత్తి చూడొచ్చు, తంతే తప్పుకోవచ్చు. ఖాకీ చొక్కా వేసుకుని సలాం చెప్పే మనిషి కాలు ఎట్లా ఎత్తి చూస్తాం?

ఆయనే ఒకరోజు బయటపడ్డాడు. మా బస్సు నాయుడుపేట నుంచి చిట్టమూరు మీదుగా సముద్రం ఒడ్డున ఉన్న పాళేనికి పోయే మొదటి బస్సు. నేను పనిచేసే ఆసుపత్రి ఆ పాళెంలోనే. అక్కడ టీ తాగుతూ నా పక్కకు జరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

"కాంపౌండరన్నా, ఎద్దులకి రాస్తావే, ఘాటు నూనె, అది మనుషులకి పనిచేస్తదా?"

"ఎవురికి?"

"మా బావమర్దికి."

"యాడ నొప్పి మీ బావమర్దికి?"

"ఎడమ మోకాలు. ఆడ మొదలై తొడలోకి ఎక్కుద్ది. నడుం సరేసరి. క్లచ్చి తొక్కి తొక్కి..." అని నాలిక్కరుచుకున్నాడు.

"మీ బావమర్ది టైలరు గదా?"

"మిషను తొక్కుతాడు గదన్నా" అని టీ గ్లాసులోకి చూశాడు. నేను కూడా నా గ్లాసులోకి చూశాను. ఇద్దరికీ నవ్వు వచ్చింది గానీ ఎవరమూ నవ్వలేదు. మనుషుల డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

ఆయన భయం ఏమిటో అప్పుడు చెప్పాడు. బస్సు నాయుడుపేట నరేంద్రబాబుది. డిపోవాళ్ళు దాన్ని అద్దెకు తీసుకుని తిప్పుతారు. కండక్టరు డిపో మనిషి, డ్రైవరు యజమాని మనిషి. డ్రైవరు కాలు బాగాలేదని ఒక్కసారి మాట పుట్టిందంటే బస్సు ఆగదు, డ్రైవరే మారతాడు. "డాక్టరు చీటీ రాస్తాడు, ఆ చీటీ బాబు కాడికి పోద్ది" అన్నాడు. "లారీలో క్లీనరుగా మొదలుపెట్టినానన్నా. మీసం రాక ముందే చక్రం పట్టుకున్నా. అది లేకుండా నన్ను ఒక కుర్చీలో కూర్చోబెడితే, నా చేతులు ఏం చేయాల్నో వాటికి తెలవదు."

కుర్చీ అన్న మాట ఆయనకు అప్పటికే ఒక గాయం. మసీదులో నేలమీద కూర్చుని లేవలేక, శుక్రవారం నమాజుకు వెనక వరసలో ముసలివాళ్ళ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకోవలసి వచ్చింది. "ఏమయ్యా బాషా, అప్పుడే మా క్లాసులోకి వొచ్చేసినావే" అని వాళ్ళు సంబరపడ్డారట. ఆ తర్వాత రెండు శుక్రవారాలు దూరంగా వేరే మసీదుకు పోయాడు. ఇంట్లో మరుగుదొడ్డిలో కిటికీ ఊచకు తాడు కట్టుకున్నాడు, లేచేటప్పుడు పట్టుకుని లాక్కోవడానికి. ఒక తెల్లవారుజామున ఊచతో సహా తాడు చేతిలోకి వచ్చింది. భార్య సుల్తాన్‌బీ దొంగలు పడ్డారనుకుని అట్లకాడ పట్టుకుని వచ్చింది. ఈ సంగతి ఆయన చెప్పలేదు లెండి. సుల్తాన్‌బీ చెప్పింది, మేకకు నట్టల మందు అడగడానికి వచ్చి. "నిద్దట్లో కూడా కాలు తొక్కుతానే ఉంటాడన్నా. నేను పక్కన పడుకునేది మానేసినా. మంచం మీద గేర్లు మారస్తా ఉంటే ఎట్టా నిద్ర పడద్ది?" అంది.

ఆమే ఒక ఉపాయం చేసింది. కొబ్బరినూనె కాచి అందులో కర్పూరం కరిగించి, చిన్న సీసాలో పోసి ఇచ్చేది. మొదటి బస్సు తీసే ముందు ఆయన ఎవరూ చూడకుండా మోకాలికి పట్టించుకునేవాడు. ఇంజను వేడికి అది నెమ్మదిగా పని చేయాలని ఆమె లెక్క. చేసింది కూడా. అయితే దాని వాసన చేసిన పని వేరు.

మార్గశిరం చలి మొదలైంది. చిట్టమూరు దాటిన తర్వాత రోడ్డు చాలా దూరం గుంతలే. ఇటు రొయ్యల గుంటలు, అటు రొయ్యల గుంటలు, మధ్యలో ఒక బస్సు పట్టేంత రోడ్డు. రెండో గేరులో, సగం క్లచ్చి మీద, అంగుళం అంగుళం నడిపించాలి. ఆ గుంతలన్నీ అయిపోయి, ఒకదాని పక్కన ఒకటి రెండు తూములు, ఆ వెంటనే సరుగుడు తోపు, మలుపు. ఇళ్ళు లేవు. స్టాపు లేదు. పొగమంచు కురిసే రోజుల్లో అక్కడ రోడ్డు ఎక్కడ ఆగి నీళ్ళు ఎక్కడ మొదలయ్యేదీ తెలియదు. రొయ్యలకు ఊపిరి అందడానికి గుంటల్లో తిప్పే గాలి చక్రాలు నీళ్ళను కొడుతూ ఉంటాయి, టపటపా టపటపా. అవి కనబడవు. వింటుంటే ఎవరో నీళ్ళలో మన వైపే పరిగెత్తి వస్తున్నట్టు ఉంటుంది. ఎంత పరిగెత్తినా రారు.

అక్కడ ఒక ఉదయం బస్సు ఆగింది.

ముందు ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఎవరో ఎక్కుతున్నారనుకున్నాం. ముందు తలుపు దగ్గర ఎవరూ లేరు. మంచు మాత్రం మెట్ల మీద నుంచి నెమ్మదిగా లోపలికి వస్తోంది. డ్రైవరు సీట్లోంచి పళ్ళ సందుల్లోంచి వచ్చే మూలుగు ఒకటి వినబడింది. కండక్టరు ఎలిశబెతు వెనకనుంచి ముందుకొచ్చింది. పొడుగాటి మనిషి, ధైర్యస్తురాలు. టికెట్టు లేని వాడిని చెవి పట్టుకుని దించగలదు, ప్రభువు పేరు తలిస్తే మాత్రం కళ్ళలో నీళ్ళు పెట్టుకుంటుంది.

"ఏంది బాషన్నా, ఆపినావు? ఎవురుండారాడ?"

చాంద్ బాషా తల తిప్పలేదు. మొహం బూడిద రంగులో ఉంది. ఆ చలిలో చెమట.

"పట్టుకునిందిమ్మా" అన్నాడు.

"ఏంది పట్టుకునిందీ?"

"మాట్లాడించబాక. ఈడికి రాంగానే ఎక్కుద్ది. చలి పడినకాడి నించీ అంతే. కాసేపుంటే అదే దిగిపోద్ది."

మన భాషలో ఉన్న చిక్కే అది. మగవాడు ఎక్కితే ఎక్కాడంటాం. ఆడమనిషి ఎక్కినా ఎక్కింది, నొప్పి ఎక్కినా ఎక్కింది. నరం పట్టుకున్నా పట్టుకుంది, గాలి పట్టుకున్నా పట్టుకుంది. ఆయన మోకాలి సంగతి చెప్పాడు. ఎలిశబెతు ఖాళీగా ఉన్న మెట్లను చూసింది. మంచు ఇంకా ఎక్కుతూనే ఉంది. అదే సమయానికి మోకాలికి రాసిన నూనె వేడెక్కి, కర్పూరం వాసన బస్సంతా కమ్ముకుంది.

ఎలిశబెతు చేయి మెడలోని సిలువ మీదికి పోయింది.

"దిగిందా అన్నా?" అని చాలాసేపటికి మెల్లగా అడిగింది.

"ఆఁ, దిగింది" అని ఆయన ఊపిరి వదిలి, గేరు వేశాడు.

ఆ మాట బస్సులో చివరి సీటుదాకా పోవడానికి ఎంతోసేపు పట్టలేదు. నాకు అసలు సంగతి తెలుసు. లేచి చెబుదామనుకున్నాను. చెబితే ఆయన కాలు బయటపడుతుంది, నరేంద్రబాబు చెవిన పడుతుంది. కూర్చున్నాను. ఒక ముక్క నిజం చెప్పాలంటే, ఆ మెట్ల వైపు నేనూ చూడలేకపోయాను.

రెండోరోజూ అక్కడే ఆగింది. మూడోరోజూ అంతే. ఆగే చోటు కూడా అటూఇటూ కాదు, ఆ రెండు తూముల దగ్గరే. అంతసేపూ గుంతల్లో క్లచ్చి తొక్కిన కాలు అక్కడికి వచ్చేసరికి బిగుసుకుపోతుందని నాకు తెలుసు. అయినా మంచులో ఆ కర్పూరం వాసన తగిలేసరికి తెలిసినదంతా ఎటో పోయేది.

నాలుగైదు రోజుల్లో ఆ కనబడని ఆమెకు ఒక రూపం వచ్చింది. తడకకు కూడా తాళం వేసి వచ్చేంత జాగ్రత్త మనిషి, చేపల బుట్టల పెంచలమ్మ అయితే ఆమె కొంగు చూశానంది. నైటీలు, గాజులు మూటకట్టుకుని పాళేలు తిరిగే యాసీన్ అన్నిటికీ ఎకసెక్కం చేసే మనిషి. "ఎలిశబెతక్కా, ఆమెకి టికెట్టు కొట్టినావా? ఆడోళ్ళకి ఫ్రీనే గదా, ఆధార్ కార్డు చూపించమను, జీరో టికెట్టు కొట్టు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నవ్వు సగంలో ఉండగా బస్సు ఆగింది. యాసీన్ మూట ఒళ్ళోకి లాక్కుని దాని మీద తల పెట్టేసుకున్నాడు.

తలుపు పక్కన మొదటి సీటు ఖాళీగా వదిలేయడం ఎవరు మొదలుపెట్టారో తెలియదు. బస్సు కిక్కిరిసి ఉండేది, ఒకరి కాళ్ళ మీద ఒకరు నిలబడేవాళ్ళు, బుట్టలు, మూటలు, పిల్లలు. ఆ సీటు మాత్రం ఖాళీ. తెలియక కూర్చోబోయిన కొత్తవాళ్ళని పదిమంది ఒకేసారి "ఆడ కూసోబాక" అనేవారు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు. ఒకరోజు ఆ సీటు వెనక నిలబడి ఉండగా నా మెడ మీద చల్లగా, తడిగా ఏదో తగిలింది. నేను పెట్టిన కేకకు బస్సులో పసిపిల్లలు ఏడ్చారు. వెనక్కి తిరిగి చూస్తే పెంచలమ్మ బుట్టమీది తడిగుడ్డ. "ఏందన్నా, గొడ్లకి సూదులేసే మనిషివి, ఇట్టా అరస్తావా?" అని ఆమె నన్ను పాళెం వచ్చేదాకా వదల్లేదు.

అంతవరకూ నవ్వుకునే మాటే. ఆ తర్వాత గొంతు మొదలైంది.

బస్సు తూముల దగ్గర ఆగి, మళ్ళీ కదిలేటప్పుడు, మంచులోంచి సన్నగా వినబడేది. "ఆ... పూ... ఆ... పూ..." అని. గాలి చక్రాల టపటపల మధ్యనుంచి, సరుగుడు తోపు చేసే హోరులోంచి. ఒకరు విన్నామంటే భ్రమ అనుకోవచ్చు. అందరం విన్నాం. అందరం ఒకేసారి మాటలాపి విన్నాం. "పోనీ అన్నా, పోనీ" అని ఎలిశబెతు గంట తాడు తెగేటట్టు లాగేది. చాంద్ బాషా అద్దంలోంచి వెనక్కి చూసేవాడు. అద్దంలో తెలుపు తప్ప ఏముంటుంది?

ఆయనతో ఒకసారి పాళెంలో అన్నాను. "బాషా, జనం ఏమనుకుంటుండారో తెలుసా?"

"తెలుసన్నా."

"చెప్పరాదా మరి?"

ఆయన మోకాలు రుద్దుకున్నాడు. "ఎందుకాపినావు బాషా అని నన్నెవురూ అడగడంలా. ఆమెని అడగతుండారు. అడగనీ. ఆమె ఉన్నంత కాలం నా కాలు గురించి మాట రాదు." తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "అన్నా, ఆ గొంతు నువ్వు కూడా వింటుండావు గదా? నాకే అనిపించడంలా గదా?"

నేను టీ డబ్బులు ఇవ్వడానికి లేచాను.

కాలు నాటకాలు పెంచింది. మొదట పట్టుకుని వదిలేది. తర్వాత పట్టుకుంటే మొద్దుబారిపోయేది. గేరు మార్చే చేతికి భుజంలోంచి నొప్పి దిగేది. అద్దం వైపు మెడ తిప్పాలంటే నడుం నుంచి మొత్తం తిరిగేవాడు. కాలు ఎక్కడుందో చూసుకోవడానికి కిందికి వంగి చూసేవాడు, ఎవరిదో కాలు అక్కడ మర్చిపోయినట్టు. నేను రోజూ ఆయన వెనక సీట్లో కూర్చుని, ఆ ఎడమకాలినే చూస్తూ పోయేవాణ్ణి. బస్సులో అందరూ తలుపు వైపు చూసి భయపడేవారు. నాకు భయం రెండు వైపుల నుంచీ.

సంక్రాంతి పోయిన తర్వాత ఒకరోజు మంచు ఇంతకు ముందెప్పుడూ లేనంత దట్టంగా పడింది. లైట్లు వేస్తే వెలుగు తిరిగి మన కళ్ళలోనే పడుతోంది. గుంతలు అయిపోయాయి. తూముల గోడలు తెల్లగా బయటపడ్డాయి. అందరం మాటలాపేశాం. ఎవరూ చెప్పకుండానే ఆగిపోతాయి ఆ మాటలు.

ఆమె రోడ్డు మీద నిలబడి ఉంది.

తెల్లటి దుప్పటి తల మీదనుంచి కప్పుకుని, ఒక చెయ్యి పైకెత్తి. మొహం లేదు, దుప్పటే ఉంది. ముందున్న వాళ్ళందరం ఒకేసారి చూశాం. "ఆపబాక! ఆపబాకన్నా!" అని పెంచలమ్మ కేక. "ప్రభువా" అని ఎలిశబెతు. చాంద్ బాషా కుడికాలు బ్రేకు మీద పడింది. ఎడమకాలు లేవలేదు. నేను చూస్తూనే ఉన్నాను, అది లేవలేదు. రెండు చేతులతో తొడ పట్టుకుని దాన్ని ఎత్తబోయాడు. చక్రం మీద చేతులు లేవు. బస్సు ఒక పెద్ద కుదుపు కుదిపి, వణికి, ఇంజను ఆగిపోయింది.

తెల్లదుప్పటి అద్దానికి మూరెడు దూరంలో ఉంది.

ఇంజను లేదు. గాలి చక్రాలు మాత్రం నీళ్ళలో పరిగెత్తుతున్నాయి. దుప్పటి కదిలింది. బస్సు ముందునుంచి నెమ్మదిగా, ఒక పక్కకు ఒరిగి ఒరిగి నడుస్తూ, తలుపు దగ్గరికి వచ్చింది. కమ్మీని ఒక చెయ్యి పట్టుకుంది. ఎముకలే ఉన్నాయి ఆ చేతిలో. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అక్కడే ఆగింది. తర్వాత రెండో కాలు వచ్చింది, బతిమాలించుకుని. ఎక్కింది. నేరుగా పోయి, ఆ ఖాళీ సీట్లో కూర్చుంది.

కర్పూరం వాసన గుప్పుమంది.

దుప్పటి తీసింది. చిన్న తలకాయ, పెద్ద ముక్కుపుడక, నోట్లో ఆకువక్క.

"ఏందిరా అందురూ నన్నట్టా చూస్తుండారు? ఎప్పుడూ అవ్వని చూళ్ళేదా? సీటు ఖాళీగా పెట్టినారే, మంచోళ్ళే. మే, కండక్టరమ్మా, ఈడికి రా, పాళేనికి ఒక టికెట్టు ఇయ్యి. కార్డు తెచ్చినా."

ఎలిశబెతు రాలేదు. రాలేకపోయింది. యాసీన్ మూట వెనకనుంచి తల బయటికి పెట్టి, "అవ్వా, నీకు కాళ్ళుండాయా?" అని అడిగాడు.

"ఉండబట్టే గదరా ఈ అగచాట్లు! రెండు మోకాళ్ళూ అరిగిపోయినాయంట. పాళెంలో ఎవురో మోకాళ్ళకి సూదేస్తాడంటనే, ఆయన కాడికి పోతుండా." అని చీర కొంచెం పైకి తీసి, ఉబ్బిన మోకాళ్ళు లోకానికంతా చూపించింది. దెయ్యాలకు అటువంటి మోకాళ్ళు ఉండవని అందరికీ ఒకేసారి తోచింది.

ఆమె పేరు వెంకటశేషమ్మ. మనవడు అక్కడే రొయ్యల గుంటకు కాపలా ఉంటాడు. మోకాళ్ళు రుద్దుకుంటూ పక్కకు తిరిగేసరికి ఆమె చూపు డ్రైవరు మీద పడింది. చాంద్ బాషా ఇంకా రెండు చేతులతో తొడ పట్టుకునే ఉన్నాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నొప్పికో, ఆ మూరెడు దూరం చూసో.

"అయ్యో నాయనా, నీకూ పట్టుకునిందా?" అంది అవ్వ, బస్సంతటికీ వినబడేట్టు. "యాడ? మోకాట్లోనా? కింది నించి పైకి ఎక్కుద్దా? నాక్కూడా ఇట్టనే, చలికి బాగా ఎక్కుద్ది. కాసేపుంటే దిగుద్దిలే. కర్పూరం నూనె రాసినావే, వాసనొస్తుండాది, మంచి పని చేసినావు."

ఎలిశబెతు అవ్వను చూసింది. డ్రైవరు కాలిని చూసింది. ఖాళీ మెట్లను చూసింది. పట్టుకునింది, ఎక్కుద్ది, దిగుద్ది అని ఆమె పెదవులు ఒక్కొక్క మాటా వెనక్కి తిప్పి చూసుకున్నాయి. తర్వాత మొహం ఎర్రబడింది.

"బాషన్నా! మోకాలా? ఇన్ని రోజులూ నువ్వు చెప్పింది మోకాలు సంగతా?"

"అదే గదమ్మా చెప్పినాను, పట్టుకునిందని."

"పట్టుకునిందంటే నేనేమనుకోవాల? ఎక్కుద్దంటే ఏమనుకోవాల? మా సంఘంలో నీ బస్సు కోసరం రెండు ఆదివారాలు ప్రార్థన చేయించినా గదయ్యా!"

అప్పుడు పగిలింది నవ్వు. పెంచలమ్మ బుట్ట మీద పడి నవ్వింది. నిలబడ్డవాళ్ళు కమ్మీలు వదిలి నవ్వారు. చాంద్ బాషా కూడా ఏడుపు మొహంతోనే నవ్వాడు. ఆ నవ్వులోనే యాసీన్ అన్నాడు, "నువ్వు సామాన్యురాలివి గాదు అవ్వా. నెల నించీ మంచులో నిలబడి ఆపూ ఆపూ అని అరస్తుంటే, మేం దెయ్యమనుకుని పారిపోతుండాం."

అవ్వ ఆకువక్క నమలడం ఆపింది.

"నెల నించా? నేను మనవడి కాడికి వొచ్చింది మొన్న గదరా. నిన్న కాలు తీసి కాలు పెట్టలేకపోయినా. ఈ పొద్దే రోడ్డు కాడికి రావడం."

నవ్వు ఒక్కొక్కరి మొహం మీదా విడివిడిగా ఆరిపోవడం నేను చూశాను. బయట గాలి చక్రాలు టపటపలాడుతున్నాయి. ఎవరూ తలుపు వైపు చూడలేదు. చాంద్ బాషా తాళం తిప్పాడు. ఇంజను పట్టుకుంది. గంట కొట్టకుండానే బస్సు కదిలింది.

పాళెంలో అందరూ దిగిన తర్వాత కూడా ఆయన సీట్లోంచి లేవలేదు. నేను, ఎలిశబెతు కింద నిలబడ్డాం. టవలుతో చక్రం తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"మూరెడు, కాంపౌండరన్నా" అన్నాడు. "ఆయమ్మ ఇంకొక అడుగు ముందుకేసుంటే? నాకు కాలు రాలేదు. చేతులు కూడా వదిలేసినాను. నా కాలు దాచిపెట్టుకునేదానికి దెయ్యాన్ని ఉంచుకున్నా. నిజం మనిషి ఎదురొస్తే బండి దానంతటదే ఆగింది, నేను ఆపలేకపోయినా."

"నేను ఎవురికీ చెప్పను బాషన్నా" అంది ఎలిశబెతు. ఆమె డ్యూటీ ప్రకారం ఆ మాట అనకూడదు. అయినా అంది.

"నువ్వు చెప్పకపోతే మటుకు?" అని ఆయన జేబులోంచి ఫోను తీశాడు. నరేంద్రబాబుకు ఆయనే చేశాడు. స్పీకరు ఎట్లా ఆపాలో ఆయనకు తెలియదు, అందుకని మేమూ విన్నాం.

"బాబూ, నా ఎడమకాలు చెడిపోయింది. క్లచ్చి మీదికి రావడంలా. ఇంక నా చేత బస్సు తోలించబాకండి. ఇంకొకర్ని చూసుకోండి."

అటువైపు టీవీ మోత ఆగింది. తర్వాత, "ఎన్నాళ్ళ నించి బాషా?"

"చాన్నాళ్ళు బాబూ."

"ఆ క్లచ్చి గట్టిగా ఉందని ఒక్క మాటన్నా చెప్పలేదేంది? నువ్వేమీ అనకపోతే బాగుందనుకున్నా. మార్పించేవాణ్ణి గదయ్యా."

చాంద్ బాషా ఫోను వంక చూశాడు. కాలు గురించి మాట రాకూడదని ఆయన క్లచ్చి గురించి కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. "అవును బాబూ" అన్నాడు.

పెద్దాసుపత్రిలో చూపించుకున్నాడు. మోకాలికి కరెంటు పెడుతున్నారు, వ్యాయామాలు నేర్పించారు. ఇంట్లో కుర్చీలో కూర్చుని కాలు చాపి ముడిచి, చాపి ముడిచి చేస్తుంటే సుల్తాన్‌బీ "ఇప్పుడు ఏ ఊరు దాటినావు?" అని అడుగుతుందట. కొత్త డ్రైవరు రవి కుమార్ కుర్రవాడు, ఉక్కులాంటి కాళ్ళు. బస్సుకు క్లచ్చి ప్లేటు కూడా కొత్తదే వేయించారు. గుంతల రోడ్డు కదా, రెండు రోజులు పక్కన కూర్చుని చూపించమని నరేంద్రబాబు అడిగితే చాంద్ బాషా వచ్చాడు. ప్రయాణికుల తలుపులోంచి ఆ బస్సు ఎక్కడం ఆయనకు అదే మొదటిసారి. ఏ మెట్టు మీద ఏ కాలు పెట్టాలో తెలియక తడబడ్డాడు. లోపల సీట్లన్నీ నిండిపోయాయి, ఒక్కటి తప్ప. ఆయన పోయి ఆ సీట్లో కూర్చున్నాడు. ఎవరూ "ఆడ కూసోబాక" అనలేదు. ఎట్లా అంటాం?

చలి పోయింది. మంచు లేదు. ఎండ రొయ్యల గుంటల మీద మెరుస్తోంది, గాలి చక్రాలు ఎక్కడున్నవి అక్కడ కనబడుతున్నాయి. గుంతల్లో రవి కుమార్ బస్సును చక్కగా తీసుకుపోయాడు. "సెకండ్లోనే పోనీ. ఎడం పక్క గుంట లోతు. ఆఁ, అట్టా" అని చాంద్ బాషా చెబుతూ ఉన్నాడు. చెబుతూ ఉంటే ఆయన ఎడమ పాదం నేల రేకును తొక్కుతూ ఉంది. అది చూసి యాసీన్ నాకు కన్నుగీటాడు.

తూములు వచ్చాయి. బస్సు నెమ్మదించింది. ఆగింది.

"ఏంది రవీ, ఆపినావు?" అంది ఎలిశబెతు.

"నేనాపలేదక్కా" అన్నాడు రవి కుమార్. అతని రెండు కాళ్ళూ నేల మీద ఉన్నాయి. ఇంజను నడుస్తూనే ఉంది. అతను వంగి పెడళ్ళ వంక చూశాడు, తర్వాత మా వంక చూశాడు.

తలుపు దగ్గర ఎవరూ లేరు. రోడ్డు మీద ఎవరూ లేరు. ఇటు చివరినుంచి అటు చివరిదాకా కనబడే రోడ్డు. సుల్తాన్‌బీ సీసా ఇంట్లో ఉంది, ఆసుపత్రివాళ్ళు నూనె మానేయమన్నారని ఆయనే నాతో అన్నాడు. కర్పూరం వాసన వచ్చింది.

ఎలిశబెతు చాంద్ బాషా దగ్గరికి వచ్చింది.

"ఎక్కిందా బాషన్నా?"

ఆయన మోకాలిని చేత్తో తడిమి చూసుకున్నాడు. పిక్కను నొక్కి చూసుకున్నాడు. కాలు చాపి, ముడిచాడు. నొప్పి కోసం వెతుకుతున్నవాడిలా మొహం పెట్టాడు.

"కాలికి ఎక్కలేదమ్మా" అన్నాడు.

అని, సీట్లో కిటికీ వైపుకు కొంచెం జరిగాడు, ఇంకొకరు కూర్చునేంత.

ఎలిశబెతు చేతిలో టికెట్టు మిషను కిర్రుమంది. జీరో టికెట్టు చింపి, ఎవరి మొహమూ చూడకుండా ఆ ఖాళీలో పెట్టి, గంట కొట్టింది.